సెప్టెంబరు విత్తు: పాత లాన్‌ని తవ్వకుండా కొత్త గడ్డితో నింపడం

(మధ్య న్యూజెర్సీలో ఇళ్లున్న తెలుగువాళ్ల కోసం ఆగస్టు చివర్లో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజుల్లో ఇక్కడ ఇంటి ముందు లాన్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. డ్రైవ్‌వే అంచున మూరెడు వెడల్పున ఎండిపోయి ఉంటుంది. మధ్యలో అక్కడక్కడా నేల బయటపడి ఉంటుంది. ఆ ఖాళీల్లో క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి చేతివేళ్లు చాచినట్టు పరుచుకుని ఉంటుంది. ఏప్రిల్ రాగానే చాలామంది ఒక బస్తా విత్తనం తెచ్చి ఆ ఖాళీల మీద చల్లుతారు. మే నెలలో పచ్చగా లేస్తుంది, జులైలో మాడిపోతుంది. మళ్లీ ఏప్రిల్లో ఇంకో బస్తా.

విత్తనంలో లోపం ఉండి ఇలా జరగడం తక్కువ. చల్లిన కాలం తప్పు, చల్లిన చోటు తప్పు. గింజ పడాల్సింది మట్టి మీద, గడ్డి మీద కాదు. ఇవాళ నేను చెప్పేదంతా దాదాపు ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. గింజకీ మట్టికీ మధ్య ఏమీ ఉండకూడదు.

ముందు కాలం సంగతి. ఇక్కడి లాన్‌లలో ఉండేవి టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్, పెరెన్నియల్ రైగ్రాస్. మూడూ చలికాలపు గడ్డిజాతులు. నేల వేడి 50 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉన్నప్పుడు వేళ్లు బాగా సాగుతాయి. సెప్టెంబరులో నేల ఇంకా వెచ్చగా ఉంటుంది కాబట్టి గింజ త్వరగా మొలుస్తుంది, పైన గాలి చల్లబడుతుంది కాబట్టి మొలక వాడిపోదు. పోటీకొచ్చే క్రాబ్‌గ్రాస్ మొదటి మంచుకే చచ్చిపోతుంది. అలా నాటుకున్న గడ్డికి ఎండాకాలం వచ్చేలోపు పెరిగే కాలాలు రెండు దొరుకుతాయి, ఈ శరదృతువూ వచ్చే వసంతమూ. ఏప్రిల్లో చల్లినదానికి దొరికేవి ఎనిమిది వారాలే. ఆ లేత వేళ్లతో జులై ఎండని ఎదుర్కోవాలి.

మన ప్రాంతానికి ఆగస్టు 20 నుంచి సెప్టెంబరు చివరి దాకా మంచి అదును. బ్లూగ్రాస్ ఎక్కువగా వేసేవాళ్లు లేబర్ డే అటూ ఇటుగా ముగించండి, అది మొలవడానికే మూడు వారాలు తీసుకుంటుంది. ఫెస్క్యూకి అక్టోబరు మొదటి వారం దాకా ఆశ ఉంది గానీ, ఆకులు రాలే కాలంతో తగాదా మొదలవుతుంది.

విత్తనం కొనేముందు పాత గడ్డి ఎందుకు పోయిందో కనిపెట్టాలి. కారణం అక్కడే ఉంటే కొత్త గడ్డీ అదే దారిన పోతుంది. గడ్డిని పట్టి లాగండి. చాపలా చుట్టుకుని పైకొచ్చిందంటే కింద వేరుపురుగు ఉన్నట్టు. జపనీస్ బీటిల్ అనే పెంకుపురుగు అమెరికాలో మొట్టమొదట కనబడిందే మన రాష్ట్రంలో, 1916లో, రివర్టన్ దగ్గర. దాని తెల్లటి పిల్లపురుగు అర్ధచంద్రంలా ముడుచుకుని మట్టిలో ఉండి వేళ్లు కొరుకుతుంది. ఒక చదరపు అడుగు గడ్డిని పారతో మూడువైపులా కోసి మడత విప్పి లెక్కపెట్టండి. నాలుగో ఐదో ఉంటే ఫర్వాలేదు. ఎనిమిది, పది దాటితే ముందు వాటి పని చూడాలి, విత్తనం తర్వాత.

లాన్‌లో సగానికి పైగా కలుపే ఉంటే ఓవర్‌సీడింగ్, అంటే ఉన్న గడ్డి మధ్యే కొత్త విత్తనం చల్లడం, పనికిరాదు. అక్కడ పాతదంతా చంపి మొదటినుంచీ వేసుకోవడమే.

కలుపు మందుల విషయంలో తేదీలు రాసిపెట్టుకోండి. వసంతంలో క్రాబ్‌గ్రాస్ రాకుండా వేసే ప్రోడయమిన్, డితయోపిర్, పెండిమెథాలిన్ వంటి మందులు మొలకెత్తే గింజ వేరుని ఆపేస్తాయి. వాటికి క్రాబ్‌గ్రాస్ గింజా, మీరు డబ్బు పెట్టి కొన్న గింజా ఒకటే. ఏప్రిల్లో ఒక్కసారి వేసింది సెప్టెంబరుకి చాలావరకు బలహీనపడుతుంది. జూన్‌లో రెండో విడత వేసినవాళ్లకే ప్రమాదం. బస్తా మీద విత్తడానికి ఎన్ని నెలలు ఆగమన్నారో చదివి లెక్కేసుకోండి. వెడల్పాకు కలుపుకి చల్లే మందైతే విత్తడానికి నాలుగు వారాల ముందే ఆపాలి. విత్తిన రోజే వేసుకోదగ్గ మందు మెసోట్రయోన్. అది టాల్ ఫెస్క్యూ, బ్లూగ్రాస్, రైగ్రాస్ మొలకలకి హాని చేయదు. కొన్ని పాత గడ్డిపోచలు రెండు మూడు వారాలు తెల్లబడతాయి, కంగారుపడకండి. విత్తనంలో ఫైన్ ఫెస్క్యూ, అంటే నీడ చోట్ల వేసే సన్నాకు గడ్డి, పాలు ఎక్కువుంటే మాత్రం ఆ మందు వద్దు.

ఇక విత్తనం. ఇక్కడ కాస్త ఆగుదాం, డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. బస్తా ముందువైపు పచ్చటి బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పి చిన్న అక్షరాల పట్టిక చదవండి. ఈ దేశంలో ఆ పట్టిక చట్టప్రకారం ఉండి తీరాలి. అందులో ఏ రకం ఎంత శాతం, మొలకశాతం ఎంత, ఇతర పంట విత్తనాలు, కలుపు విత్తనాలు, జడపదార్థం ఎంత, పరీక్ష చేసిన తేదీ, ఇవన్నీ ఉంటాయి.

ఇదిగో ఒక ఉదాహరణ. ఒక బస్తాలో ఫెస్క్యూ 98 శాతం, మొలకశాతం 85. రెండింటినీ గుణిస్తే 83. అంటే నూరు పౌన్లలో 83 పౌన్లు నిజంగా మొలిచే గింజ. పక్కనే ఇంకో బస్తా, అదే ధర, గింజలకి నీలం రంగు పూత ఉంటుంది. పట్టికలో పూత 50 శాతం, ఫెస్క్యూ 48, మొలకశాతం అదే 85. లెక్క కడితే 41. సగం డబ్బు పూతకే పోయింది. పూత చెడ్డదని కాదు, కొంచెం తేమ పట్టి ఉంచుతుంది. కానీ పూత ఉన్న విత్తనం ఆ లెక్కన రెట్టింపు చల్లాలి. ఈ సంగతి తెలియక మామూలు తూకమే చల్లి, పలచగా వచ్చిందని బాధపడుతుంటారు.

ఇతర పంట విత్తనాలు అన్న గడిని చాలామంది దాటేస్తారు. కలుపు విత్తనాలు సున్నా అని ఉంటే చాలనుకుంటారు. ఆర్చర్డ్‌గ్రాస్ అనే పశువుల మేత గడ్డి ఉంది. అది పంట కాబట్టి కలుపు గడిలోకి రాదు, ఈ గడిలోకి వస్తుంది. లాన్‌లో పడితే లేతరంగు దుబ్బులుగా, మిగతా గడ్డి కంటే రెట్టింపు వేగంగా లేస్తుంది. చుట్టూ ఉన్న ఫెస్క్యూని చంపకుండా దాన్నొక్కదాన్నే చంపే మందు లేదు, పారతో తవ్వి తీయాల్సిందే. ఈ గడిలో 0.1 శాతం లోపు, కలుపు గడిలో 0.01 లోపు ఉన్న బస్తా వెతకండి. పరీక్ష తేదీ ఏడాది దాటకూడదు. పోయినేడు మిగిలిన విత్తనం గరాజ్‌లో ఉంటే నూరు గింజలు లెక్కపెట్టి తడి పేపర్ టవల్‌లో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రెండు వారాలు చూడండి. మన ఊళ్లలో రైతులు తడి గోనెపట్టాలో వేరుశనగ గింజలు చుట్టి చూసుకునే పద్ధతే. డెబ్బై కూడా మొలవకపోతే పారేయండి.

రకాల మాట. చవక బస్తాల మీద కెంటకీ 31 అని కనిపిస్తే పక్కన పెట్టండి. 1931లో కెంటకీలో ఒక కొండవాలు పొలంలో దొరికిన టాల్ ఫెస్క్యూ అది, 1943లో విడుదల చేశారు. పశువులకి గొప్ప మేత, మట్టి కొట్టుకుపోకుండా గట్టిగా పట్టుకుంటుంది. కానీ ఆకు వెడల్పు, గరుకు. సన్నని ఆకు ఉండే లాన్ రకాల వెనక మన రట్గర్స్ విశ్వవిద్యాలయం కృషి చాలా ఉంది. అక్కడ రీడ్ ఫంక్ అనే ప్రొఫెసర్ న్యూయార్క్ సెంట్రల్ పార్కులో తొక్కుళ్లకి తట్టుకుని నిలిచిన రైగ్రాస్ దుబ్బులు ఏరి తెచ్చి పెంచారు. వాటిలోంచి వచ్చిందే 1967లో విడుదలైన ‘మన్‌హట్టన్’ రకం. ఇవాళ ఏ రకం ఏ రాష్ట్రంలో ఎలా నిలిచిందో జాతీయ పచ్చిక పరీక్షల ఫలితాల్లో ఉచితంగా చూసుకోవచ్చు. బస్తా మీద రకం పేరు లేకుండా ఉత్త ‘టాల్ ఫెస్క్యూ’ అని ఉంటే కొనకండి.

ఎండ బాగా పడే లాన్‌కి నా సలహా ఇది. తూకంలో 90 శాతం టర్ఫ్ రకం, అంటే లాన్ కోసం పెంచిన, టాల్ ఫెస్క్యూలు రెండు మూడు కలిపి, 10 శాతం బ్లూగ్రాస్. ఫెస్క్యూ దుబ్బు గడ్డి, ఉన్నచోటే పిలకలు వేస్తుంది తప్ప పక్కకి పాకదు. చిన్న ఖాళీ పడితే దాన్ని పూడ్చేది బ్లూగ్రాసే, అది భూమిలోపల కాడలు పాకించుకుంటుంది. పది శాతమే ఎందుకంటే గింజ సైజు చూడండి. ఒక పౌను ఫెస్క్యూలో దాదాపు రెండు లక్షల పాతిక వేల గింజలుంటే, ఒక పౌను బ్లూగ్రాస్‌లో పది లక్షలకు పైనే ఉంటాయి.

ఎంత చల్లాలి? వెయ్యి చదరపు అడుగులకి ఫెస్క్యూ 4 పౌన్లు, పలచగా ఉన్నచోట 5. ఒట్టి బ్లూగ్రాసే అయితే పౌనున్నర. పావు ఎకరం స్థలమంటే 10,890 చదరపు అడుగులు. అందులో ఇల్లూ డ్రైవ్‌వే డెక్కూ పోగా లాన్ ఆరు వేలుంటే 24 పౌన్లు కావాలి. నాలుగు పౌన్ల లెక్కన చదరపు అంగుళానికి ఆరు గింజలు పడతాయి. మీ బొటనవేలి కొస నేలకి ఆనించి చూస్తే దాని కింద ఆరు గింజలన్నమాట. తక్కువగా కనిపిస్తుంది, చెయ్యి ఆగదు, ఇంకో గుప్పెడు పడుతుంది. ఒక్క అంగుళంలో పదిహేను, ఇరవై పడితే ఒక్కటీ పిలక వేయదు. అన్నీ వెంట్రుకల్లా సన్నగా లేచి, తేమ నిలిచి నారుకుళ్లు తగులుతుంది. వరి నారుమడి వత్తుగా పోస్తే ఏమవుతుందో ఇక్కడా అదే.

ఇప్పుడు నేల. విత్తే ముందు రోజు మోవర్‌ని ఒకటిన్నర, రెండు అంగుళాలకి దించి కోయండి. మిగతా ఏడాది మూడంగుళాల కిందకి దించకూడని గడ్డిని ఈ ఒక్కసారి పొట్టిగా కోస్తున్నాం, గింజ కిందకి దిగాలి, మొలకకి వెలుగు తగలాలి అని. కోసింది సంచిలో ఎత్తేయండి. తర్వాత కోర్ ఎయిరేటర్. ఇది ముళ్లతో పొడిచే యంత్రం కాదు, బోలు గొట్టాలతో మట్టిని చిన్న కడ్డీలుగా పైకి తీసే యంత్రం. బరువైనది, అద్దెకి తెచ్చుకోండి. పక్కింటివాళ్లతో కలిసి ఒక రోజుకి తీసుకుంటే ఇద్దరి పనీ అవుతుంది. స్ప్రింక్లర్ తలల దగ్గర, లోతు తక్కువ వేసిన కేబుల్ వైర్ల మీద ముందే చిన్న జెండాలు పాతండి. మర్చిపోతే ఖర్చు విత్తనం కంటే ఎక్కువవుతుంది.

నేల పదునులో ఉండాలి. ఎండిన బంకమట్టిలో గొట్టం అర అంగుళం కూడా దిగదు, బురదలో గొట్టం మూసుకుపోతుంది. ముందు రోజు అంగుళం తడి పెట్టండి. పిడికెడు మట్టి ముద్దచేస్తే నిలవాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి.

యంత్రం తిప్పాక ఒక మట్టి కడ్డీ చేతిలోకి తీసుకుని చూడండి. రెండు మూడు అంగుళాలుంటుంది. పైన గోధుమరంగులో స్పాంజిలాంటి పొర ఉంటుంది, కొబ్బరిపీచుని నొక్కినట్టు. అది చచ్చిన కాడలూ వేళ్లూ పేరుకున్న థాచ్. దాని కింద మట్టి, మట్టిలో తెల్లటి వేళ్లు. థాచ్ అర అంగుళం దాటిందా, ఎయిరేటర్ ఒక్కటే చాలదు, డీథాచర్‌తో గీరి తీయాలి. ఆ పొర మీద పడిన గింజ వర్షానికి మొలుస్తుంది కూడా. పచ్చగా కనిపించి ఆశ పెడుతుంది. కానీ వేరు పీచులోనే ఉండిపోతుంది, ఒక్క మధ్యాహ్నం ఎండకే చస్తుంది. కడ్డీలో వేళ్లు ఒక అంగుళం దగ్గరే ఆగిపోయి ఉంటే కింద మట్టి గట్టిపడిందని అర్థం. కొత్త కాలనీల్లో ఇల్లు కట్టేటప్పుడు బరువు యంత్రాలు తిరిగిన నేలలో ఇది చాలా మామూలు.

యంత్రాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తిప్పండి. చదరపు అడుగుకి ఇరవై నుంచి నలభై రంధ్రాలు పడాలి. ఒక్కసారే తిప్పితే గడ్డి రంధ్రాల్లో మాత్రమే మొలిచి, బొట్లు బొట్లుగా ఉంటుంది. తీసిన కడ్డీలు ఎత్తకండి. ఆరాక దంతెతో కొడితే పొడై అదే గింజలకి కప్పవుతుంది.

చల్లేటప్పుడు విత్తనాన్ని రెండు సమభాగాలు చేయండి. సగం తూర్పు పడమరలుగా, సగం ఉత్తర దక్షిణాలుగా. స్ప్రెడర్ (విత్తనం చల్లే బండి) మీద అంకెల్ని నమ్మకుండా ఒక పరీక్ష చేయండి. పది అడుగులు, పాతిక అడుగుల చోటు కొలిచి అర పౌను గింజ పోయండి. ఆ చోటు పూర్తయ్యేసరికి గింజ అయిపోవాలి. అది వెయ్యికి రెండు పౌన్లు, అంటే మీ సగం మోతాదు. చల్లాక దంతె తిరగేసి వీపుతో తేలిగ్గా లాగండి. గింజ పావు అంగుళం లోతుకి చాలు, అర అంగుళం దాటితే పైకి రాలేదు. ఖాళీల మీద పావు అంగుళం కంపోస్టు వేయండి. వెయ్యి అడుగులకి ముప్పావు ఘనగజం పడుతుంది, అందుకే లాన్ అంతటా వద్దంటాను. పీట్‌మాస్ కూడా పనికొస్తుంది. ఎండితే రంగు తేలిపోతుంది, నీళ్లు పెట్టే వేళయిందని అదే చెబుతుంది. వాలు మీద ఎండు గోధుమ గడ్డి పలచగా పరచండి. పశువుల మేత గడ్డి తెస్తే దాంట్లో ఉన్న విత్తనాలన్నీ మీ లాన్‌లో మొలుస్తాయి.

ఎరువు గురించి ఇక్కడ చట్టం ఉంది. న్యూజెర్సీలో మామూలుగా భాస్వరం వేయకూడదు, మట్టి పరీక్షలో కొరత తేలితే లేదా కొత్తగా విత్తుతుంటే వేయొచ్చు. ఒక్క విడతలో వెయ్యి అడుగులకి నత్రజని 0.9 పౌను మించకూడదు, అందులో నీళ్లలో వెంటనే కరిగేది 0.7 మించకూడదు. 20 శాతం నత్రజని ఉన్న స్టార్టర్ ఎరువైతే (కొత్త మొలకల కోసం అమ్మేది) వెయ్యి అడుగులకి మూడున్నర పౌన్లు సరిపోతుంది. నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా ఇళ్లవాళ్లు ఎరువు వేయకూడదు. కాబట్టి విత్తినరోజు ఒకటి, ఐదారు వారాలకి ఇంకోటి, అంతే. మట్టి ఉదజని సూచిక (pH) ఆరుకి తక్కువుంటే పరీక్షలో చెప్పినంత సున్నం వేయండి.

నీళ్లు. ఎక్కువ లాన్‌లు ఇక్కడే పోతాయి. పై అర అంగుళం ఎప్పుడూ తడిగా ఉండాలి, మడుగు కట్టకూడదు. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, నాలుగింటికి, ఏడెనిమిది నిమిషాల చొప్పున. రాత్రి వద్దు, ఆకు తడిసి తెల్లారేదాకా ఆరకపోతే తెగులు. పొడిగా ఉన్న గింజ నెల రోజులైనా ఆగుతుంది. కానీ ఒకసారి నానిందా, ఇక వెనక్కి పోలేదు. మండె కట్టిన వడ్లని ఒక పూట ఎండలో పెడితే ఏమవుతుంది? శుక్రవారం దాకా తడిపి, శని ఆదివారాలు ఊరెళ్తే అంతే.

ఇంకో పొరపాటు. రై అయితే ఐదారు రోజులకే పచ్చగా కనిపిస్తుంది, ఫెస్క్యూ వారం దాటాక. అది చూసి నీళ్లు తగ్గించేస్తారు. బ్లూగ్రాస్ గింజ అప్పటికి నాని, మొలవబోతూ ఉంటుంది. కనిపించని గింజ కోసం మూడు వారాలు తడపాలి. ఆ తర్వాత రోజుకొకసారి, తర్వాత వారానికి మొత్తం ఒక అంగుళం లోతుగా.

కొత్త గడ్డి మూడున్నర, నాలుగు అంగుళాలు రాగానే కోయండి, మూడంగుళాలకి. భయపడి ఆపితే పిలకలు ఆలస్యమవుతాయి. బ్లేడు పదును పెట్టించండి, మొద్దు బ్లేడు లేత మొక్కని కోయదు, పీకేస్తుంది. నేల ఆరి ఉండాలి. అక్టోబరులో మేపుల్ ఆకులు రెండు మూడు రోజులకి మించి మొలకల మీద ఉండనివ్వకండి. దంతె వద్దు, బ్లోయర్ తక్కువ వేగంలో పెట్టండి.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: మా ఇంటి వెనక రెండు పెద్ద మేపుల్స్ ఉన్నాయండీ. మూడేళ్లుగా చల్లుతున్నాం, వసంతంలో ఉంటుంది, ఆగస్టుకి పోతుంది.

రోజుకి నాలుగు గంటల ఎండ పడుతుందా అమ్మా? పడితే ఫైన్ ఫెస్క్యూ వేయండి. పడకపోతే ఏ గడ్డీ నిలవదు. పైగా మేపుల్ వేళ్లు పైపైనే ఉండి నీళ్లన్నీ లాగేస్తాయి. అక్కడ మల్చ్ (చెక్కపొట్టు లాంటి కప్పు) పోసి నీడ మొక్కలు పెట్టుకోండి.

ప్రశ్న: డాలస్‌లో మా తమ్ముడుకీ ఇదే చెప్పమంటారా?

వద్దండి. అక్కడ లాన్ చాలావరకు బెర్ముడా, అంటే మన గరికే. వినాయకుడికి పెట్టే ఆ గరికే. అది ఎండాకాలపు గడ్డి, చలికి నిద్రపోయి పసుపురంగుకి తిరుగుతుంది. అక్కడ శీతాకాలం పచ్చగా కనిపించాలని అక్టోబరులో రైగ్రాస్ చల్లుతారు, వెయ్యి అడుగులకి ఐదు నుంచి పది పౌన్లు. వసంతంలో ఆ రైని పొట్టిగా కోసి, నీళ్లు తగ్గించి గరికకి దారి వదలాలి. లేకపోతే గరిక లేవడం ఆలస్యమై పలచబడుతుంది. హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఇంటి లాన్‌కి కూడా ఇక్కడి ఫెస్క్యూ విత్తనం పంపకండి, ఆ ఎండకి నిలవదు.

ప్రశ్న: అక్టోబరు కూడా దాటిపోతే?

అప్పుడు నవంబరు మధ్యలో చల్లకండి, సగం మొలిచి మంచుకి పోతుంది. నేల 40 డిగ్రీల కిందకి దిగేదాకా ఆగి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఖాళీల మీద మాత్రమే చల్లండి. మోతాదు సగం వంతు పెంచండి, కొంత పక్షులకీ కుళ్లుకీ పోతుంది. నేల గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టే క్రమంలో పగుళ్లు పడి గింజ తనంతట తనే మట్టిలోకి దిగుతుంది. ఏప్రిల్లో మొలుస్తుంది. ఆ చోట్లు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. వసంతంలో లాన్ మందు వేసే మనిషి వచ్చినప్పుడు ఆ ఫోటో చూపించి, అక్కడ క్రాబ్‌గ్రాస్ మందు పడకుండా చూడాలి.